తొక్కకూడని చోటు

ఆ ఆషాఢమంతా మా ఇంట్లో కుళ్ళిన గుమ్మడికాయ కంపు. ఇప్పటికీ ఎవరైనా ఫుట్‌బాల్ అంటే ముందు ఆ కంపే నా ముక్కుకు తగులుతుంది, బంతి తర్వాత గుర్తొస్తుంది.

లాలాగూడలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో మా ఇల్లు. గుమ్మం పైన ఉట్టిలో బూడిద గుమ్మడికాయ వేలాడదీయడం మా ఆయన హరికిషన్‌కు జీవితంలో ఉన్న ఒకే ఒక్క క్రమశిక్షణ. కొత్త అమావాస్యకు కట్టాడు. వానలు మొదలయ్యేసరికి అది లోపల్లోపలే నీరుగారిపోయి, తొడిమ దగ్గర నల్లబడి, చుక్కా చుక్కా గడప మీద కారడం మొదలుపెట్టింది. ఆ చుక్కల చుట్టూ చిన్న చిన్న ఈగలు. పొద్దున ఒకసారి, మారేడ్‌పల్లిలో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ డ్యూటీ దిగి వచ్చాక ఇంకోసారి గడప తుడిచేదాన్ని. నాకు పుట్టుకతోనే ముక్కు ఎక్కువ. డెట్టాలుతో కడిగినా ఆ కంపు పోయేది కాదు.

"జెర తీసెయ్యుండ్రి. కడుపుల తిప్పుతాంది," అన్నాను ఒకరోజు.

"కుళ్ళిందంటె ఏంది? ఇంటిమీదికొచ్చిన దిష్టినంత అది గుంజుకున్నదన్నట్టు. పనిచేసేదాన్ని ఎవలన్న తీసేస్తరా?" అన్నాడు మా ఆయన.

ఆ తెలివికి దండం పెట్టి మళ్ళీ గుడ్డ అందుకున్నాను.

భవానికీ మా ఆయనకూ ఒప్పందం కుదిరింది కూడా ఆ గుమ్మడికాయ కిందే. భవాని మా ఆయన చెల్లెలు. మా గుమ్మంలోంచి తల వంచుకుని రావలసినంత పొడుగు. చేతులు చూస్తే ఇంకా పెరుగుతున్నాయేమో అనిపిస్తుంది. పగలంతా బట్టల షాపులో నిలబడి గిరాకీలు విప్పి పడేసిన చీరలు మడతపెడుతుంది. తెల్లవారగానే మాత్రం లాలాగూడ అమ్మాయిల ఫుట్‌బాల్ టీముకు గోల్‌కీపర్. తన చెల్లెలు నిక్కరు వేసుకుని నలుగురిలో దూకుతుందంటే మా ఆయనకు తలకొట్టేసినట్టుండేది. ఫ్రెండ్స్ ముందు "స్పోర్ట్స్ క్లాసులకు పోతది" అని చెప్పుకునేవాడు.

"ఈ ఒక్క సీజన్," అన్నాడు ఆ రోజు, గడప దగ్గర చెప్పులు విడుస్తూ. "ఈ సీజన్ల ఆటతోని నౌకరి వచ్చిందా, ఆడుకో. రాలేదా, గా చేతులకేసుకునేటివి అటక మీద పడెయ్యి. మళ్ల గ్రౌండ్ మాట ఎత్తొద్దు."

"నౌకరొస్తె అడ్డం రావు కద అన్నా?"

"రాను. మాటంటె మాట."

భవాని నావైపు చూసింది. సాక్ష్యానికి నేనే. నేను తలూపాను. మా ఆయన తలమీద అప్పుడే ఒక చుక్క పడింది. అతను పట్టించుకోలేదు.

* * *

టీము సంగతి చెప్పాలంటే, అది టీమే కాదు. లెక్కకు సరిపోయేంత మంది అమ్మాయిలు ఉన్నారంతే. ఎవరికైనా జ్వరం వస్తే కూర్చోబెట్టి ఇంకొకరిని దింపడానికి లేదు. కోచ్ మేబెల్ మిస్. లాలాగూడలోనే పుట్టి పెరిగిన మనిషి, స్కూల్లో ఆటల టీచరుగా రిటైరయింది. తెల్ల కేన్వాస్ బూట్లు, చేతిలో ఒక నల్ల గొడుగు. ఆ గొడుగుతోనే అమ్మాయిలకు ఎవరెక్కడ నిలబడాలో నేలమీద గీసి చూపించేది. వర్క్‌షాపు గోడ వెనకాల ప్రాక్టీసు. అక్కడ సగం నేల మేకలది, మిగతా సగం చెత్తది. మోరీ పొంగితే మూడోవాటా దానికి. భవాని అందులోనే దూకేది, పొర్లేది. మేక పెంటికలు మోచేతులకు అంటుకున్నా, మురికినీళ్ళు మొహాన కొట్టినా కనురెప్ప వేసేది కాదు. ఆ బట్టలు ఉతికేది మా అత్తమ్మ శారదమ్మ ఒకరోజు, నేను ఒకరోజు. అసహ్యం నాది, ఆట భవానిది.

మొదటి మ్యాచ్ కార్ఖానా వైపు గ్రౌండులో. మా ఆయన రాలేదు, సందులోవాళ్ళు ఎవరూ రాలేదు. అత్తమ్మ, నేను, భవాని ఆటో దిగి నడుస్తున్నాం. ముందురోజు అమావాస్య. నాలుగు రోడ్ల కూడలిలో కుంకుమ అద్దిన నిమ్మకాయ చెక్కలు, ఎండు మిరపకాయలు, పగిలిన గుమ్మడికాయ ఒకటి పడి ఉన్నాయి.

భవాని నాతో ఏదో చెబుతూ నడుస్తోంది. మాట ఆపలేదు, కిందికి చూడలేదు. కాలు మాత్రం దానంతటదే ఎగిరి పక్కకు పడింది. పెద్ద బూట్ల సంచీ భుజాన ఉన్నా ఎంత నాజూకుగా తప్పుకుందో.

నాకు నవ్వొచ్చింది. "మోరీల పొర్లుతవ్ గని నిమ్మకాయ తొక్కవా?"

"ఏంది వదినె? ఎక్కడ?" వెనక్కి తిరిగి చూసింది. తప్పుకున్న సంగతి తనకే తెలియదు.

"నేనే నేర్పిన," అంది అత్తమ్మ గర్వంగా. "నడక నేర్చినప్పటిసంది చెప్తున్న. తొక్కకు బిడ్డా, తొక్కకు బిడ్డా అని రెక్కపట్టి గుంజేదాన్ని. తొక్కినోళ్లకే తలుగుతది మరి."

ఆ మ్యాచ్ ఎలా గెలిచామో మేబెల్ మిస్‌కు కూడా తెలియదు. అవతలివాళ్ళు బంతిని మా గోలు మీదికి కొట్టడం, భవాని పట్టుకోవడం, అంతే ఆటంతా. చివర్లో కెప్టెన్ ప్రిసిల్లా మోకాలి కింద తగిలి బంతి వాళ్ళ గోల్లోకి దొర్లింది. కొట్టాలని కొట్టింది కాదు. అయినా గెలుపు గెలుపే. మేబెల్ మిస్ గొడుగు విప్పి, వాన లేకపోయినా, అలాగే పట్టుకు నిలబడిపోయింది.

"అరె బాబా, ఇట్ల సుత గెలుస్తరా!" అంది.

రెండో మ్యాచ్ అలాగే, మూడోదీ అలాగే. మా వాళ్ళు గోలు కొట్టడం ఎప్పుడో ఒకసారి. మా గోల్లోకి బంతి పోవడం మాత్రం లేదు. క్వార్టర్ ఫైనల్లో ఎవరికీ గోలు లేక, పెనాల్టీలు కొట్టించారు. భవాని ఒకటి కుడివైపు పడి పట్టింది, ఇంకొకటి కాలితో తన్నేసింది. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. గాల్లో అడ్డంగా భవాని, బురద, నిక్కరు, అన్నీ.

* * *

అక్కడినుంచే నాకు అసలు కంపు మొదలైంది.

పొద్దున్నే మా ఆయన పేపరు పట్టుకుని సందంతా తిరిగొచ్చాడు. ఏ నిక్కరు చూస్తే తలకొట్టేసినట్టయ్యేదో ఆ నిక్కరుతో సహా ఫోటోను లామినేషన్ చేయించి ముందు గదిలో మేకుకు తగిలించాడు. ఫోన్ డీపీ అదే, స్టేటస్ అదే. "చిన్నప్పటిసంది నేనే ఎంకరేజ్ చేసిన" అని పాలవాడితో చెబుతుంటే లోపల గిన్నెలు తోముతున్న నాకు ఒళ్ళు మండిపోయింది. భవాని విని నవ్వేసింది.

"చెప్పుకోనియ్యి వదినె. ఆపుతలేడు కద, గంతే చాలు."

ఆ తర్వాత రఘునాథ్ దిగాడు. వార్డులో టికెట్టు కోసం తిరుగుతున్న లీడరు. అంతవరకు మా సందుకు మోరీ పొంగినప్పుడు కూడా రానివాడు, తెల్ల చొక్కా వేసుకుని, వెనక పదిమందితో, శాలువా పట్టుకుని వచ్చాడు. మా ఆయన గడప దగ్గర ఎదురెళ్ళి "రాండ్రి అన్నా, రాండ్రి" అని చేతులు పట్టుకున్నాడు. సరిగ్గా గుమ్మడికాయ కింద నిలబెట్టి ఫోటోలు దిగారు. రఘునాథ్ తెల్ల చొక్కా భుజం మీద పచ్చగా, జిగటగా ఒక చుక్క పడింది.

"ఏందిది?" అన్నాడు, వేలితో తుడిచి వాసన చూస్తూ. మొహం మాడ్చాడు.

"దిష్టికాయ అన్నా. మా చెల్లె మీద లోకం కండ్లన్ని ఇదే గుంజుకుంటాంది. ఇది కట్టినప్పటిసంది ఒక్క గోలన్న పోయిందా చెప్పుండ్రి!"

నేను కడుపుబ్బ నవ్వుకునే మాట. రఘునాథ్ నవ్వలేదు. తలెత్తి ఆ కుళ్ళిన కాయను భక్తిగా చూశాడు. "అయితె ఫైనల్ దాంక తియ్యకుండ్రి," అన్నాడు. చొక్కా మీద మరక అలాగే ఉంచుకుని వెళ్ళాడు. ప్రసాదం మరి!

ఇక ఆ కాయను తీయమని అడిగే హక్కు కూడా నాకు పోయింది. సెమీ ఫైనల్ నాటికి లాలాగూడ గేటు దగ్గరనుంచి మా సందు దాకా ఫ్లెక్సీలు. 'లాలాగూడ ఆడపులులు' అని రాసి, రఘునాథ్ తలకాయ గుమ్మటమంత, కింద మూలన అమ్మాయిలందరూ కలిపి అరచేయంత. భవాని ఒక్కతే కాస్త పెద్దగా, పక్కన మా ఆయన చేతులు జోడించి. అతను ఎప్పుడు చేతులు జోడించి ఫోటో దిగాడో నాకు తెలియదు. అమ్మాయిలకు మాత్రం ఒక్క కొత్త బంతి రాలేదు. కొత్త జెర్సీలు వచ్చాయి, వాటి వీపున రఘునాథ్ పేరు ఉంది. ప్రిసిల్లా దాన్ని చూసి "మిస్, గోలు కొడితె ఆయన కొట్టినట్టా?" అని అడిగిందట.

సెమీస్ జోరు వానలో జరిగింది. గ్రౌండు చెరువైంది. అవతలిది ముందటేడు కప్పు గెలిచిన టీము. ఆ నీళ్ళలో వాళ్ళ తెలివి పనిచేయలేదు, మావాళ్ళకు అలవాటైన మురికి పనిచేసింది. మేకల మధ్య, మోరీ పక్కన ఆడినవాళ్ళకు బురద ఒక లెక్కా? ఒక్క గోలుతో గెలిచి ఫైనల్‌కు వచ్చారు.

మర్నాడు సాయంత్రం మేబెల్ మిస్ మా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే ఆగి, ముక్కుకు రుమాలు పెట్టుకుని, గొడుగు మొనతో పైకి చూపించింది.

"ఏందమ్మా లతా, ఎవరన్న చచ్చిన్రా?"

"చావలే మిస్. ఇంక పనిచేస్తున్నదట," అన్నాను.

ఆవిడ లోపలికి వచ్చి భవానిని పక్కన కూర్చోబెట్టుకుంది. "విను. రైల్వే లేడీస్ టీముకు గోల్‌కీపర్ కావాలె. వాళ్ల సెలెక్టర్ ఫైనల్ చూడనీకి వస్తున్నది. నేను మాట్లాడిన. రెండు టీముల గోల్‌కీపర్లను చూస్తరు, ఒకరిని తీసుకుంటరు. ఆట మంచిగ కనపడితె పర్మనెంట్ నౌకరి. నువ్వు కొత్తగ ఏం చేయకు. రోజు చేసేదే చెయ్యి."

భవాని రెండు అరచేతులూ మోకాళ్ళకేసి గట్టిగా రుద్దుకుంది. తర్వాత మా ఆయనవైపు చూసింది.

"మాట యాదికున్నది కద అన్నా?"

"యాదికున్నది తియ్," అన్నాడు మా ఆయన. కానీ అతని చూపు భవాని మీద లేదు, గుమ్మం పైన ఉంది. "ఇప్పుడే జెర పైలంగ ఉండాలె. రైల్వేదాంక పోయిందంటె ఎంతమంది కండ్లు పడ్తయో!"

* * *

ఫైనల్ ఆదివారం. బోనాల రోజులు కనుక ఊరంతా డప్పులు. గ్రౌండు దగ్గర రఘునాథ్ తీన్‌మార్ బ్యాండు పెట్టించాడు. షామియానా వేశారు, దాంట్లో సోఫాలు. సోఫాల్లో ఎన్నడూ ఫుట్‌బాల్ చూడని మనుషులు. సెలెక్టర్ అనే ఆవిడ ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నీలం టోపీ, చేతిలో పెన్ను, ఎవరితోనూ మాట లేదు. ఆవిడను ఎవరూ పట్టించుకోలేదు. నాకు అది ఒక్కటే బాగా అనిపించింది.

అవతలి టీము ఏదో అకాడమీది. సొంత బస్సులో దిగారు, అందరికీ ఒకే రకం సంచులు. అయినా మొదటి సగంలో వాళ్ళను భవాని నిలబెట్టేసింది. పై మూలకు వచ్చిన బంతిని వేలికొసలతో పైకి నెట్టింది. కాళ్ళ మీదికి దూకి ఒకటి లాక్కుంది. ప్రతిసారీ నా కళ్ళు ప్లాస్టిక్ కుర్చీవైపు వెళ్ళేవి. ఆవిడ పెన్ను కదిలేది.  హాఫ్ టైముకు ఇద్దరికీ గోలు లేదు.

భవాని తాడు దగ్గరికి వచ్చి నీళ్ళు తాగింది. చెంపల మీద బురద ఎండిపోయి ఉంది.

"చూస్తున్నదా వదినె?"

"రాస్తున్నది," అన్నాను.

పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. అలాంటి నవ్వు మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. మిస్ పిలిస్తే పరుగెత్తింది.

అప్పుడు షామియానాలో మైకు మోగింది. రెండో సగానికి ముందు రఘునాథన్న చేతుల మీదుగా సన్మానమట. రెఫరీలకు శాలువాలు, అమ్మాయిలకు దండలు. అందరూ అటువైపు ఉన్నారు. గాలి మావైపు తిరిగింది. ఆ గాలిలో మా ఇంటి గడప నా ముక్కుకు తగిలింది.

 గిర్రున తిరిగి చూశాను. అటు చివర గోలుపోస్టుల మధ్య మా ఆయన. చుట్టూ రఘునాథ్ మనుషులు, డప్పులు. రెండో సగంలో భవాని నిలబడవలసిన గోలు అది. అతని చేతుల్లో మా గుమ్మడికాయ, దానిమీద కర్పూరం వెలుగుతోంది. పసుపు, కుంకుమ దట్టంగా పూశారు. పోస్టుల ముందు మూడుసార్లు తిప్పాడు. అంతవరకు కాయ ముక్కలు కాకుండా ఎలా నిలిచిందో! తలపైకెత్తి, ఎడమ పోస్టు పక్కన నేలకేసి కొట్టాడు.

అది పగల్లేదు, చిట్లింది. తొక్క చెక్కలు, కొంత నీరు, కొంత పీచు, కొంత గింజలు, ఎర్రటి కుంకుమ ముద్ద, ఒక్కసారిగా గోలు ముందు పరుచుకున్నాయి. ఈలలు వేశారు. డప్పులు రేగాయి. మా ఆయన చేతులు రుమాలుకు తుడుచుకుని, చెల్లెలి కోసం ఏదో ఘనకార్యం చేసినట్టు, అందరికీ దండం పెట్టాడు.

నేను తాడు ఎత్తి లోపలికి పోబోయాను. మెడలో బ్యాడ్జీ వేసుకున్నవాడొకడు అడ్డం వచ్చాడు.

"లోపలికి లేదమ్మా. ఓన్లీ అన్న మనుషులు."

"అదంత తుడవాలె! పోరి నిలవడే జాగ అది!"

"దిష్టి తీసినంక తుడుస్తరా ఏందమ్మా?" అన్నాడు, నాకు బుద్ధి లేనట్టు చూసి.

మేబెల్ మిస్ మాత్రం చూసింది, పరుగెత్తింది. గ్రౌండు మనిషిని కేకేసింది. వాడు చీపురు తెచ్చాడు కానీ ఆ ఎర్రముద్దను చూడగానే వెనక్కి తగ్గాడు. "దిష్టిది మేడం. నేను ముట్ట. పిల్లలున్నోణ్ణి." ఇంకొకణ్ణి పిలిచింది, వాడూ అంతే. చివరికి ఆ పెద్దమనిషి తన తెల్ల బూటుతోనే చెక్కల్ని గీత బయటికి తన్నింది. గొడుగుతో పీచును పక్కకు లాగింది. ఈలోగా రెఫరీ విజిల్ ఊదాడు. చెక్కలు పోయాయి కానీ కుంకుమ, గింజలు, జిగురు ఎడమ పోస్టు పక్కన అలాగే ఉన్నాయి.

భవాని వచ్చి పోస్టుల మధ్య నిలబడింది. దాన్ని చూసింది. తలెత్తి అన్నను వెతికింది. అతను రెండు చేతులూ ఎత్తి ఊపాడు. భవాని మళ్ళీ బంతివైపు తిరిగింది.

చాలాసేపు ఏమీ కాలేదు. ఆట గ్రౌండు మధ్యలోనే నలిగింది. ప్రిసిల్లా ఒకటి కొడితే అడ్డుకర్రకు తగిలి బయటికి పోయింది. ఇక పెనాల్టీలకే పోతుందనుకున్నారు. పెనాల్టీలంటే భవానిదే రాజ్యం. నేను అప్పుడే ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాను.

అకాడమీ అమ్మాయి ఒకతె దూరం నుంచి కొట్టింది. సరిగా తగల్లేదు. బంతి నేలబారున, పసిపిల్లలు దొర్లించినట్టు, ఎడమ పోస్టువైపు వస్తోంది. భవాని రోజూ వందసార్లు పట్టే బంతి. ఒక అడుగు వేస్తే రెండోదానికి చేతుల్లో ఉంటుంది.

ఒక అడుగు వేసింది. రెండో కాలు ఎత్తింది. ఆ కాలు గాల్లో ఆగింది.

కూడలిలో నా పక్కన నడుస్తూ, మాట ఆపకుండా, కిందికి చూడకుండా తప్పుకున్న అదే కాలు. నేలకు తగలకుండా చిన్నగా పక్కకు పడింది. బంతి ఆ ఎర్రటి జిగురు మీదుగా దొర్లి, తీరిగ్గా వెళ్ళి వలలో ఆగింది. దానికి గుమ్మడి గింజలు అంటుకున్నాయి.

అంతే ఆట. విజిల్ వచ్చేదాకా ఇంకేమీ జరగలేదు.

నేను కుర్చీవైపు చూశాను. సెలెక్టర్ పెన్ను మూత పెట్టింది.

* * *

"జారింది," అన్నారు గ్రౌండులో అందరూ. "గంత ఈజీ బాలు! గడ్డి తడున్నది, జారింది." మా ఆయన కూడా అదే అన్నాడు, గట్టిగా, నలుగురికీ వినబడేట్టు. వాన మీదికి తోసేశాడు. రఘునాథ్ కప్పు ఇవ్వడానికి అకాడమీవాళ్ళ పక్కన నిలబడి అదే నవ్వు నవ్వాడు. వాళ్ళతోనూ చేతులు కలిపి ఫోటో దిగాడు. తీన్‌మార్ బ్యాండువాళ్ళు ఎవరికోసం వాయించాలో తెలియక ఎవరు ఎగిరితే వాళ్ళకు వాయించారు. అకాడమీ బస్సు కదిలేముందు వాళ్ళ గోల్‌కీపర్ నీలం టోపీ ఆవిడతో మాట్లాడటం మేమందరం చూశాం.

మేబెల్ మిస్ భవాని గ్లవ్స్ తనే విప్పింది. "బిడ్డా, నీ కాలు ఎందుకు ఆగింది? జారలేదు నువ్వు. నేను చూసిన," అంది. తప్పు పట్టడం కాదు, నిజంగా అర్థం కాలేదు ఆవిడకు. భవాని ఏమని చెబుతుంది? ఆ సంగతి అర్థం కావడానికి మా ఇంట్లో నడక నేర్చుకుని ఉండాలి.

ఇంటికి వచ్చాక పెరట్లో బకెట్ పక్కన కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ నాకు చెప్పింది.

"తొక్కొద్దనుకోలె వదినె. అనుకునే టైమే లే. కాలే ఆగింది."

"తెలుసు. నేను చూసిన."

"అందుట్ల ఏమున్నది? నీళ్లు, గింజలు. మన మోరీకంటె మంచిగనే ఉండె." కాళ్ళ మీద ఇంకో చెంబు పోసుకుంది. కడగడానికి ఇంకేం లేకపోయినా పోసుకుంటూనే ఉంది. నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు.

నేను ముందు గదిలోకి వెళ్ళాను. మా ఆయన మేకు మీదినుంచి లామినేషన్ ఫోటో దించుతున్నాడు.

"ఆమె జారలే," అన్నాను. "మీరు పగలగొట్టిన దిష్టి తొక్కొద్దని కాలు ఆగింది. దాంతోనే గోలయింది. దాంతోనే నౌకరి పోయింది."

కాస్తయినా మొహం మాడుతుందనుకున్నాను. అతను ఫోటో చేతిలో పట్టుకుని ఒక్కక్షణం ఆలోచించాడు. తర్వాత, మీరు నమ్మరు, ఊరట పడ్డట్టు గాలి వదిలాడు.

"తొక్కలేదా? మంచిగయింది. ఆట పోతె పోయింది. తొక్కితె ఇంటిమీదికొస్తుండె."

 అన్ని రోజులు ఆ కాయ కింద తుడిచినా రాని వాంతి అప్పుడు వచ్చింది. పెరట్లోకి పరుగెత్తాను. భవాని లేచి నా వీపు నిమిరింది. ఓడినది తను, వీపు నిమిరించుకుంటున్నది నేను.

మర్నాటికి ఫ్లెక్సీలు లేవు. ఒకటి మిర్చి బజ్జీల బండిమీద పైకప్పుగా కనబడింది. రఘునాథ్ తల ఉన్న వైపు లోపలికి మడిచి కట్టాడు బండివాడు. నూనె పొగలో భవాని గాల్లో అడ్డంగా ఉంది.

ఆ మరుసటి పొద్దున మా ఆయన కొత్త గుమ్మడికాయ తెచ్చాడు. గుండ్రంగా, తెల్లటి బూడిద పట్టి, నవనవలాడుతూ ఉంది. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, స్టూలు వేసుకుని ఎక్కాడు. అత్తమ్మ కింద నిలబడి స్టూలు పట్టుకుంది.

"బలంగ తగిలింది దిష్టి. ఈసారి పెద్దదే కట్టాలె," అంటున్నాడు ఉట్టి సరిచేస్తూ.

భవాని లోపలినుంచి వచ్చింది. కాళ్ళకు బూట్లు, భుజాన సంచీ. మా ఆయన పైనుంచి చూశాడు.

"ఎక్కడికి? సీజనయిపోయింది. మాటంటె మాట అనుకున్నం."

భవాని సంచీ భుజం మీదికి సర్దుకుంది.

"సరె, ముందుగాల గా కాయ అందియ్యి. తర్వాత మాట్లాడుదం."

భవాని వంగి గుమ్మడికాయను రెండు చేతుల్లోకి తీసుకుంది. బంతిని తీసుకున్నట్టే, వేళ్ళు బాగా చాపి, ఛాతీకి దగ్గరగా. ఆ చేతుల్లోంచి ఏదైనా జారగా నేను ఎన్నడూ చూడలేదు. మా ఆయన పైనుంచి చేయి చాపాడు. భవాని అతని కళ్ళలోకి చూసి, రెండు చేతులూ విడదీసింది.

కాయ గడప మీద పడి పగిలింది.

"తొక్కకు బిడ్డా!" అత్తమ్మ కెవ్వున అరిచింది. "తొక్కకు!"

భవాని కిందికి చూసింది. ఈసారి చూసే, ఒక బూటు దాని నడిమధ్య పెట్టింది. రెండోది కూడా పెట్టింది. కాస్సేపు అలాగే నిలబడింది. తర్వాత దిగి, సందులోంచి వర్క్‌షాపు గోడవైపు నడిచింది. గడప నుంచి సందు మలుపు దాకా తడి అడుగులు పడ్డాయి.

"ఏయ్ లతా, చూస్తవేంది? తుడువు జెల్ది!" అన్నాడు మా ఆయన, స్టూలు మీద అలాగే నిలబడి. కిందికి దిగాలంటే అతనికి తొక్కకుండా చోటు లేదు.

అలవాటుగా గుడ్డ అందుకున్నాను. కొత్త కాయ కదా, పచ్చి వాసన తప్ప ఏమీ రాలేదు. గుడ్డ మళ్ళీ కిటికీలో ఆరేసి, డ్యూటీకి తయారవడానికి లోపలికి వెళ్ళిపోయాను.